దొరసాని వాటా

ఎర్రచెవుల పొట్టేలుపిల్ల పొద్దున్నే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. మామూలు తిరుగుడు కాదు అది. గానుగెద్దు చూసిందంటే సిగ్గుపడి పని మానుకునేది. తల ఎడమకు వాల్చి, చూపు ఎక్కడో పెట్టి, పత్తికట్టెల నడుమ ఒకటే చుట్టు. పొద్దు బారెడెక్కేసరికి దాని కాళ్ల కింద నేల అణిగి, ఎవరో బావి తవ్వించడానికి ముగ్గుతో గీత గీసినట్టు తయారైంది.

"మూడోది," అన్నాడు వెంకటయ్య, మీసం కొసలు కొరుక్కుంటూ. "ఎవని కన్ను పడ్డదో ఏమో మన మంద మీద."

లక్ష్మీదేవమ్మ సద్దిగిన్నె కింద పెట్టి లేచింది. వెంకటయ్య ఆమెకు బావ, మొగుడు కురుమూర్తికి అన్న, మందకు పెద్ద. ఏటా కోతలైపోగానే లింగాల దిక్కు నుంచి గొర్రెలను తోలుకొని గద్వాల దాకా వస్తారు వీళ్లు. పత్తి విత్తనాల రైతులు ఎరువు కోసం పిలిచి మరీ చేలల్లో మంద పెట్టించుకుంటారు. ఒక్కో చేనులో నాలుగైదు రాత్రులు గొర్రెలు పడుకుంటే, మరుసటేడు ఆ చేనులో పత్తికాయ టెంకాయంత కాస్తుందని వెంకటయ్య చెబుతాడు. రైతు నమ్మడు గానీ వినడానికి బాగుంటుంది కాబట్టి తల ఊపుతాడు.

తిరిగే జీవం ఇక బతకదు. మధ్యాహ్నానికి పొట్టేలుపిల్లను కోశారు. మాంసం పోగులు పడ్డాయి. తలకాయ మాత్రం పోగులో కలవలేదు. మందలో ఏ జీవం తెగినా, చచ్చినా తల కుక్కది. అది తాతల నాటి లెక్క. మేనమామలొచ్చి అడిగినా దొరకదు.

ఆ వాటా పెట్టే చెయ్యి లక్ష్మీదేవమ్మది. పన్నెండేళ్లుగా ఇంకొకరిని ముట్టనీయలేదు. తలను బండ మీద పెట్టి, గొడ్డలి మడమతో రెండే దెబ్బలు వేసి, పుర్రె విచ్చేలా చేసి పక్కకు జరుగుతుంది. ఎదురుగా దొరసాని ముందుకాళ్లు రెండూ జత చేసి కూర్చుని ఉంటుంది. పులిచర్మం మీద కూర్చున్న మనిషి కూడా అంత నిటారుగా కూర్చోడు. నల్లటి ఒళ్లు, మెడ మీద వెంట్రుక మొలవని జానెడు మచ్చ. ముక్కు అదురుతున్నా కాలు మాత్రం కదలదు.

"తిను దొరసాని."

అప్పుడు లేస్తుంది. మీగడ నాకినట్టు మెదడంతా నాకి, మిగిలింది తల్లికి వదిలేస్తుంది. ఆ తల్లి ముత్తవ్వ, పళ్లూడిన ముసలి కుక్క, బండి నీడలో పడుకొని చప్పరిస్తుంది. ఆ చప్పరించిన బొక్కలతో దొరసాని మూడు కూనలు కుస్తీ పడతాయి. అమ్మమ్మ, అమ్మ, పిల్లలు, ఒకే పంక్తి.

చేను రైతు ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. వెంకటయ్య ఊరుకుంటాడా?

"అది ఉత్త కుక్క కాదు సేటూ. నల్లమల అంచుల ఒక్కతే ఎనిమిది తోడేళ్లను ఉరికిచ్చింది."

లక్ష్మీదేవమ్మ నవ్వు ఆపుకుంది. లింగాలలో చెప్పినప్పుడు అవి రెండు తోడేళ్లు. నాగర్‌కర్నూల్ దాటేసరికి నాలుగయ్యాయి. వనపర్తిలో ఆరు. గద్వాల గాలి తోడేళ్లకు బాగా పడినట్టుంది. అసలు సంగతి ఆమెకు తెలుసు. ఆనాడు వచ్చింది ఒకటే తోడేలు, అదీ కుంటిది. కానీ దొరసాని మెడ మీది మచ్చ అబద్ధం కాదు కదా.

మరునాడు తెల్లబొట్టు గొర్రె తిరిగింది. అది లక్ష్మీదేవమ్మ సొంత గొర్రె. వెంకటయ్య కత్తి నూరబోయాడు.

"జర ఆగు బావా. దవాఖానకు తీస్కపోత."

"గొర్రెను ఆటోల ఎక్కిస్తవా? పెండ్లికి పోతున్నదా అది?"

"మూడు జీవాలు గిట్లనే పోయినంక నాల్గోదాన్ని చూసుకుంట కూసుందామా?"

కురుమూర్తి మాట్లాడే మనిషి కాదు. రోడ్డు మీదికి పోయి ఆటోను ఆపాడు. గొర్రెను ఒళ్లో పెట్టుకొని లక్ష్మీదేవమ్మ ఎక్కింది. దొరసానిని ఎవరూ పిలవలేదు. ఆటో గద్వాల పశువుల దవాఖాన ముందు ఆగేసరికి అది గేటు దగ్గర ముందుకాళ్లు జత చేసి కూర్చుని, ఇంత ఆలస్యమేంటన్నట్టు చూసింది.

లోపల వరండాలో జనం. లక్ష్మీదేవమ్మ పక్కన మూతబుట్ట పట్టుకొని ఒక మగ్గం ఇంటామె కూర్చుంది. అమృతమ్మ అట. బుట్టలోంచి పసుపుకళ్లు తొంగి చూశాయి.

"పిల్లికేమైందక్కా?"

"ఏం కాలే. దీనికి ఏడాది సూది ఉన్నది ఇయ్యాల."

"ఏం కాకుంటనే సూదా?"

"అయినంక ఏం చేస్తం? పట్టు మీద ఎలుక పడితె మగ్గం మీది చీర ఆగమైతది. చీరను కాపాడేది జరీ." జరీ అంటే పిల్లి. అమృతమ్మ రవికెలోంచి మడతపెట్టిన అట్ట తీసి చూపించింది. "ఇగో, కూన ఉన్నప్పటి నుంచి ఎప్పుడు నట్టల మందు తాగిందో, ఎప్పుడు సూది ఏసిన్రో అన్నీ రాసుంటయి. నా ఓటరు కార్డు కంటె దీని అట్టనే ముందు వచ్చింది."

లక్ష్మీదేవమ్మకు ఆ అట్ట మీద కన్ను పడింది. గొర్రెలకు మందు తాగించడం ఆమెకు తెలుసు, సర్కారోళ్లు మంద దగ్గరికే వస్తారు. కుక్కకు, పిల్లికి కూడా ఇలా వయసును బట్టి ఉంటుందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

డాక్టర్ సమీనా వయసులో చిన్నది, చేతులు మాత్రం పాతకాపువి. తెల్లబొట్టు గొర్రె తలను మోకాళ్ల మధ్య పట్టుకొని, బొటనవేలితో పుర్రె అంతా నొక్కుతూ ఒకచోట ఆగింది.

"చెయ్యి పెట్టు పెద్దమ్మా. ఇక్కడ."

లక్ష్మీదేవమ్మ వేలు పెట్టింది. మాగిన పండులా మెత్తగా దిగింది బొక్క.

"లోపల మెదడుల నీళ్లతిత్తి ఉన్నది. అది ఒత్తుతున్నందుకే తిరుగుతున్నది. ఆపరేషన్ చేసి తీస్తరు గని, ఇది చెయ్యి దాటింది. మీ మందల కుక్కలున్నయా?"

"ఉన్నయి!" లక్ష్మీదేవమ్మ ముఖం వెలిగింది. "గేటు కాడున్నది చూడు, అదే. దొరసాని."

"జీవం చస్తె తలకాయ ఏం చేస్తరు?"

ఆ మాట అడగడమే చాలు, లక్ష్మీదేవమ్మ నడుం నిటారుగా అయింది. "దొరసానికే పెడ్త! ఇంకెవ్వరిని ముట్టనియ్య మేడం. నా చేత్తోనే పుర్రె పగలగొట్టి పెడ్త. మా తాతల కాడికెల్లి అట్లనే. మందను కాసెటిదానికి మర్యాద చెయ్యాలె గద!"

డాక్టరమ్మ గొర్రె తలను మెల్లగా వదిలి, చేతులు కడుక్కుంది.

"పెద్దమ్మా, నేను చెప్పేది కోపం చేసుకోకుంట ఇను. ఈ తిత్తిల వందల పురుగుల తలకాయలుంటయి. కుక్క ఆ మెదడు తింటె దాని కడుపుల అవి నట్టలైతయి, పేగులల్ల బతికే పొడుగు పురుగులు. ఆ నట్టల గుడ్లు కుక్క పెంటల పడ్తయి, పెంటకెల్లి గడ్డి మీదికి పోతయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు మళ్ల తలల తిత్తి."

లక్ష్మీదేవమ్మ చాలాసేపు తన కుడిచేతి వైపు చూసుకుంది. గొడ్డలి పిడి రాసుకున్న కాయలు అరచేతిలో గట్టిగా తగిలాయి.

"అంటె... నేనే పెట్టిన్నన్నట్టా?"

"తెల్వక పెట్టినవు. ఇప్పుడు తెల్సింది. మూడు నెలలకోసారి కుక్కలకు నట్టల మందు ఏద్దాం, తలకాయలు పెట్టుడు బంద్ చేద్దాం. ఇప్పటికే గడ్డి మేసిన గొర్లల ఇంకోటో రెండో తిరగొచ్చు. గాబరా పడకు. వచ్చే ఏడు చూడు."

సాయంత్రం మంద దగ్గర లక్ష్మీదేవమ్మ ఒక్క ముక్క దాచలేదు. చెప్పకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది? కానీ దాచడం ఆమెకు చేతకాదు. వెంకటయ్య అంతా విని, గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు.

"అయితె ఇంకేంది. రోగం యాడికెల్లి వస్తున్నదో తెలిసిపాయె. ఎల్లుండి చేను మారుతున్నం గద, ట్రాక్టరు వస్తది. కుక్కలను ఎక్కిచ్చి కృష్ణ అవతల ఇడిసిపెడ్దాం. మూడు తరాలనూ."

"బావా!"

"ఇన్నూట ఎనభై జీవాలున్నయి లచ్చిందేవమ్మా. ఐదు కుక్కలకోసం వాటిని పోగొట్టుకుందామా? నువ్వే చెప్పు."

ఎనిమిది తోడేళ్లు ఏమయ్యాయని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె చేతిలో ఇక ఉన్నది ఒక్క రోజు.

తెల్లారగానే కురుమూర్తి మూడు కూనలను గొంగడిలో మూట కట్టాడు. మూటలోంచి మూడు తోకలు మూడు దిక్కులకు ఊగాయి. ముత్తవ్వను చంకన పెట్టుకున్నాడు. ఆటోవాడు, "నిన్న గొర్రె, ఇయ్యాల కుక్కలు, రేపు ఒంటెను తెస్తరా అన్నా?" అన్నాడు. కురుమూర్తి, "ఒంటెకు సీటు సాలదు," అన్నాడు. ఆ వారంలో అతను మాట్లాడిన పెద్ద మాట అది.

దవాఖానలో మందు బరువును బట్టి ఇవ్వాలన్నారు. కూనలు కాంటా మీద బుద్ధిగానే కూర్చున్నాయి. ముత్తవ్వ దాని మీదే నిద్రపోయింది. దొరసాని మాత్రం ఎక్కనంటే ఎక్కనంది. కదిలే రేకు మీద కాలు పెట్టడం దాని మర్యాదకు తక్కువ. ఇద్దరు పట్టుకున్నారు, ముగ్గురు పట్టుకున్నారు. ఆ గుంజులాటలో వరండా అరుగు ఒక జానెడు పక్కకు జరిగిందని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"జరుగున్రి," అంది లక్ష్మీదేవమ్మ.

చీర కొంగు బిగించి, వంగి, నడవలేని గొర్రెను ఎత్తినట్టు దొరసానిని మెడ వెనక నుంచి రెండు భుజాల మీద వేసుకుంది. ముందుకాళ్లు ఒక చేత్తో, వెనకకాళ్లు ఒక చేత్తో పట్టుకొని కాంటా ఎక్కి నిలబడింది. దొరసాని చప్పుడు చేయలేదు. అంత ఎత్తు నుంచి దవాఖానను చూడటం దానికి నచ్చినట్టుంది.

"డెబ్బై ఎనిమిది," అంది డాక్టరమ్మ నవ్వుతూ. "ఇప్పుడు ఒక్కదానివే ఎక్కు."

"యాభై నాలుగు."

"దొరసాని ఇరవై నాలుగు కిలోలు. పెద్దమ్మా, నువ్వే జర బక్కగున్నవు."

బిళ్లలను జొన్నరొట్టెలో చుట్టి పెడితే దొరసాని రొట్టె తిని బిళ్లలు ఉమ్మేసింది. బిళ్ల మీద నెయ్యి రాసింది లక్ష్మీదేవమ్మ. నెయ్యి నాకి బిళ్ల ఉమ్మింది. చివరికి నాలుక వెనక్కి బిళ్ల పెట్టి, నోరు మూసి, గొంతు నిమిరింది. గొర్రెపిల్లలకు మందు పోసే పాత విద్యే. గుటుక్కుమంది. పిచ్చికుక్క రోగం రాకుండా దొరసానికి, ముత్తవ్వకు సూదులు వేశారు. కూనలకు ఈ పొద్దు నట్టల మందు, మళ్లీ పదిహేను రోజులకు, మూడు నెలలు నిండాక పిచ్చికుక్క సూది. ముత్తవ్వ నోరు తెరిచి చూసిన డాక్టరమ్మ, మిగిలిన రెండు పళ్లనూ పేరు పెట్టి పలకరించినట్టు ఒక్కోదాన్ని తట్టి చూసింది.

"ముసల్దానికి మెత్తటిది పెట్టాలె. ఎక్కువ దూరం నడిపియ్యొద్దు. ఆర్నెల్లకోసారి తీస్కరా. ఒక చేను కాడనే ఉండరు గద మీరు? ఈ అట్టలు పట్టుకొని యాడున్న దవాఖానకన్న పోవచ్చు. ఇంకోమాట. మూడు దినాలు ఇవి యాడ దొడ్డికి పోతె ఆడ ఎత్తి లోతుగ పూడ్చాలె. గడ్డికి తగలొద్దు."

ఐదు అట్టలు చేతికిచ్చింది. పేర్లు రాసున్నాయి. లక్ష్మీదేవమ్మకు చదువు రాదు. కానీ పొడుగ్గా ఉన్నది దొరసాని పేరేనని కనిపెట్టేసింది.

ఇక ఆ రోజంతా మందలో నవ్వులే నవ్వులు. దొరసాని ముందు, వెనకాల పార పట్టుకొని లక్ష్మీదేవమ్మ. దొరసాని ఆగితే ఆమె ఆగుతుంది. దొరసాని పత్తికట్టెల వెనక్కి పోతే ఆమె వెనక్కి పోతుంది.

"గొర్లు కాసెటోళ్లను చూసిన గని, కుక్కపెంట కాసెటోళ్లను ఇప్పుడే చూస్తున్న," అన్నాడు వెంకటయ్య.

"చూడు బావా, కండ్లనిండ చూడు. చూసినందుకు పైసలేం లేవు."

తాడంత పురుగు బయట పడుతుందని అందరూ చూశారు. ఏమీ కనపడలేదు. మందు లోపలే కరగదీస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి లక్ష్మీదేవమ్మ పరేషాన్ కాలేదు. గంపెడు మట్టి పోసి, కాలితో తొక్కి, పైన బండ పెట్టింది.

పొద్దు వాలుతుండగా తెల్లబొట్టు గొర్రె కూలబడింది. వెంకటయ్యే కోశాడు. తలకాయ విడిగా బండ మీద పెట్టి, పక్కకు నిలబడ్డాడు.

దొరసాని వచ్చింది. తన జాగాలో ముందుకాళ్లు జత చేసి కూర్చుంది. ముత్తవ్వ తల ఎత్తింది. కూనలు వరసకట్టాయి. మందలోని ఆడా మగా అందరూ అటే చూస్తున్నారు.

లక్ష్మీదేవమ్మ గొడ్డలి ముట్టలేదు. ముందే పేర్చి పెట్టుకున్న పత్తికట్టెల కుప్పకు నిప్పు అంటించింది. మంట నిలువెత్తు లేచాక తలకాయను రెండు చేతులా ఎత్తి అందులో పెట్టింది. దొరసాని లేచి నిలబడింది. మంటను చూసింది, ఆమెను చూసింది, మళ్లీ మంటను చూసింది. మొరగలేదు. వెళ్లి మళ్లీ అదే జాగాలో కూర్చుంది, ముందుకాళ్లు జత చేసి. ఇంకా పిలుస్తుందేమోనని.

అది చూసి లక్ష్మీదేవమ్మ కట్టెతో మంట ఎగదోస్తూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"బావా. అది దొంగతనంగ తిన్లే. పిలిస్తె వచ్చి తిన్నది. 'తిను' అనేదాంక కూసున్నది. పెట్టిన చెయ్యి నాది. నీకు నేర్పింది మీ నాయిన, నాకు నేర్పింది నువ్వు. రేపు ట్రాక్టరెక్కియ్యాల్సొస్తె ఫస్టు నన్నెక్కియ్యి."

మంటలో పుర్రె టప్పుమని పగిలింది. వెంకటయ్య కొరుక్కుంటున్న మీసాన్ని వదిలేశాడు.

లక్ష్మీదేవమ్మ కుండలోంచి ఉడికిన మెడ మాంసం తీసి, బొక్కలేరి, జొన్నరొట్టెతో కలిపి బండ మీద పెట్టింది.

"తిను దొరసాని."

దొరసాని ఒకసారి వాసన చూసింది. మర్యాద మర్యాదే కదా. తింది.

పొద్దున ట్రాక్టరు రానే వచ్చింది. వలలు, గుంజలు, కుండలు ఎక్కించారు. తర్వాత వెంకటయ్య వంగి కూనలను ఒక్కోదాన్ని మెడ పట్టి ఎత్తి ట్రాలీలో వేశాడు. ఒకటి, రెండు, మూడు. ముత్తవ్వను రెండు చేతులతో ఎత్తాడు. లక్ష్మీదేవమ్మ చేతిలో పలుగు అలాగే ఉండిపోయింది. కురుమూర్తి కట్టె పట్టుకొని అన్నకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"ఏందిరా అట్ల చూస్తున్నవు?" అన్నాడు వెంకటయ్య. తన గొంగడి మడతపెట్టి ముత్తవ్వ కింద పరిచాడు. "ముసల్దాన్ని దూరం నడిపియ్యొద్దని చెప్పింది గద మీ డాక్టరమ్మ. కూనలు రోడ్డు మీద ఆగమైతయి." డ్రైవరు వైపు తిరిగాడు. "కృష్ణ దిక్కు గాదు. మందతోనే పో. మెల్లగ పో, లోపల పెద్దమనిషున్నది."

దొరసాని అప్పటికే మంద ముందుకు వెళ్లి నిలబడి, ఇంకా బయల్దేరరా అన్నట్టు వెనక్కి చూస్తోంది.

సాయంత్రానికి కొత్త చేనుకు చేరారు. చేను చూసుకునే యేసయ్య ఎదురొచ్చాడు. ఆ పొద్దు వాళ్లింట్లో యాటను కోశారట. చేతిలో ఆ తలకాయ. దొరసాని పేరు అతని దాకా ముందే వచ్చింది.

"మీ మందల తలకాయ కుక్కకే పెడ్తరంట గద! ఇగో, మా ఇంటి తరఫున," అంటూ దొరసాని వైపు విసరబోయాడు.

"ఆగు!"

ఆ కేక లక్ష్మీదేవమ్మది కాదు. వెంకటయ్యది. గొర్రెలు ఇన్నూట డెబ్బై చిల్లర ఒక్కసారి మెడలు ఎత్తాయి.

"మా కుక్క పచ్చి తలకాయలు తినదు. కాలబెట్టు, లేకుంటె లోతుగ పూడ్చిపెట్టు. నీ కుక్కకు కూడ పెట్టకు."

"కుక్క తలకాయ తినదా? ఏం కుక్కనే అది!"

"ఏం కుక్కనా?" వెంకటయ్య లక్ష్మీదేవమ్మ ముందు చెయ్యి చాచాడు. ఆమె రవికెలోంచి అట్టలు తీసి ఇచ్చింది. అందులో ఒకటి తీసి, తలకిందులుగా పట్టుకొని, యేసయ్య ముక్కు ముందు ఊపాడు. "సూడు. దీనికి కార్డున్నది. నీకున్నదా? మూడు నెలలకోసారి మందు తాగుతది. ఏడాదికోసారి సూది ఏసుకుంటది. కూనలకు ఏరే, ముసల్దానికి ఏరే. ఉత్త కుక్క గాదు భయ్యా, నల్లమల అంచుల ఒక్కతే పదకొండు తోడేళ్లను ఉరికిచ్చింది!"

యేసయ్య తలకాయను వెనక్కి దాచుకొని, నమ్మాలో వద్దో తేలక లక్ష్మీదేవమ్మ వైపు చూశాడు.

"నిజమేనా అక్కా? పదకొండా?"

లక్ష్మీదేవమ్మ బావ చేతిలోని అట్టను నిలువుకు తిప్పి, మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది. దొరసాని ఆమె కాళ్ల దగ్గర ముందుకాళ్లు జత చేసి కూర్చుంది.

"పన్నెండు," అంది. "ఒకటి పొద వెనకుండె. మా బావ చూడలె."